పద్నాలుగో ముడి

తాత ఆబ్దికం పనులయ్యాక ఆయన తోలుసంచిని అటక మీంచి దించారు. బకిలు ఊడదియ్యగానే వచ్చిన వాసన ఇంట్లో అందరికీ తెలిసిందే. గ్రీజు, ఆముదం, కిరసనాయిలు, వాటన్నిటి అడుగునా ఎప్పుడో ఆరిపోయిన చుట్ట. మామ్మ ఉన్నన్నాళ్ళూ ఆ సంచిని వంటింటి గడప దాటనిచ్చేది కాదు.

లోపల ఉన్నవన్నీ ఆయన పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మూడు రింగు స్పానర్లు, ఒక రేకు గరాటు, పంపు షాఫ్టు చుట్టూ కూరే, గ్రాఫైటు పట్టించిన గ్లాండు తాడు చుట్ట ఒకటి, కాగితంలో చుట్టిన తోలు వాషర్లు, అట్ట ఊడిన నోటు పుస్తకం. అన్నిటికన్నా కింద ఒక జనపతాడు. చివర గుప్పెడంత రాయి, మూరకొక ముడి, పద్నాలుగో ముడికి ఎర్రగుడ్డ పీలిక. ఆ తాడు లేకుండా తాత ఏ ఊళ్ళోనూ ఏ పంపు ఇంజనూ అమ్మలేదు.

*

తాతది అనకాపల్లి దగ్గర శారదా నది పక్క పల్లె. ఆ పక్క పల్లెలన్నిటిలాగే చెరుకు, వరి, గట్ల మీద కంది. నీళ్ళంటే ఏతం. ఏతం మాను మీద ముందుకీ వెనక్కీ నడిచేవాడొకడు, కింద బాన ముంచి పట్టి కాలవలోకి కుమ్మరించేవాడొకడు. పైవాడి అడుగు ఒక్కటి తప్పితే కిందవాడి తల పగులుతుంది. అందుకే లెక్క పాడుకుంటూ తొక్కేవారు. తెల్లారుజామున మొదలెట్టి ఎండ నడినెత్తికొచ్చేదాకా తొక్కినా పావెకరం తడిస్తే గొప్పే. పదమూడేళ్ళకే మానెక్కిన తాత పాదాలకి చివరిదాకా ఆ కాయలుండేవి.

నాటడానికి చెరుకు ముచ్చెలు, అంటే ముక్కలు, మూడు కళ్ళకి తక్కువ కాకుండా నరికేవారు. గానుగాట మొదలైతే ఊరంతా రెండు నెలలు పిప్పి పొగే. రసం పెనంలో కాగుతుంటే కాస్త సున్నపు తేట పోసి, బెండ కాడలు దంచి నానబెట్టిన జిగురు కలిపేవారు. సున్నం పులుపు విరుస్తుంది, జిగురు మడ్డిని పైకి లాగుతుంది. ఆ మడ్డిని ఎప్పటికప్పుడు తీసెయ్యకపోతే బెల్లం నల్లబడుతుంది. సున్నం ఎక్కువైనా నల్లబడుతుంది. పెనం దించే పదును వాళ్ళ నాన్న చెవితో పట్టేవాడట. బుడగల చప్పుడు బరువెక్కగానే చన్నీళ్ళలో ఒక చుక్క వేసి చూస్తే అది ఉండ కట్టాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడు, ముందే దించేస్తే వానలకి దిమ్మ కారిపోతుంది. తెల్లగా కనబడాలని తరవాత్తరవాత హైడ్రోసు అనే రసాయనం కలపడం మొదలెట్టినవాళ్ళని చూస్తే తాతకి ఒళ్ళు మండేది. "రంగు కళ్ళకి, బెల్లం నోటికి" అని ఆ పెనం దగ్గర నిలబడేవాడు కాదు.

ఇంజను శబ్దం విని జబ్బు చెప్పే చెవి ఆయనకి ఆ పెనాల దగ్గరే అబ్బిందని మా ఇంట్లో అందరి నమ్మకం.

*

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులేశాయి. పడినవి కొన్నే అయినా పట్నం ఖాళీ అయిపోయింది. ఆ వారమంతా తాత రెండెడ్ల బండి తోలి, పట్నం వాళ్ళ సామాన్లనీ ముసలమ్మలనీ అనకాపల్లి వైపు చేరేశాడు. అదే వేసవిలో, రంగం వెళ్ళిన ఊరివాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. బర్మాలో కూలికెళ్ళినవాళ్ళు. ఓడలు దొరక్క, కొండలూ అడవులూ పడి మణిపూరు మీదుగా దిమాపూర్ దాకా నడిచొచ్చినవాళ్ళు. ఆరుగురు బయల్దేరిన ఇంటికి ఇద్దరు చేరారని తాత చెప్పేవాడు.

ఇరవయ్యేళ్ళకి పట్టాళంలో చేరాడు. ఎందుకు చేరావని అడిగితే ఒక్కోసారి జీతమనీ, ఒక్కోసారి లారీ తోలాలనుందనీ అనేవాడు. ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరు. కలకత్తా దాటాక రైలు, బ్రహ్మపుత్ర ఒడ్డున అమీన్‌గావ్‌లో దిగి పడవ మీద పాండూ రేవుకి దాటడం, మళ్ళీ మీటర్‌గేజి రైలు, చివర దిమాపూర్. ఆ స్టేషను పేరు అప్పట్లో మణిపూర్ రోడ్. అక్కణ్ణుంచి కోహిమా 46 మైళ్ళు. ఊరివాళ్ళు చచ్చీచెడీ నడిచొచ్చిన ఆ దోవనే ఈయన ఎదురు తోలాడు.

యుద్ధం గురించి తాత చెప్పిందంతా రోడ్డు గురించే. కెనడాలో చేసిన ఫోర్డు, షెవ్రొలే లారీలు. వాన మొదలైతే మోకాలి లోతు బురద, చక్రాలకి గొలుసులు. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి, బ్రేకు మీద దిగినవాడు మూడో మలుపు దగ్గర బ్రేకు లేకుండా ఉంటాడు. మలేరియాకి రోజూ మెపాక్రిన్ బిళ్ళ, దాంతో ఒళ్ళంతా పసుపు పూసినట్టు తేలేది. పోయేటప్పుడు బియ్యం, పెట్రోలు, తూటాలు. వచ్చేటప్పుడు దెబ్బలు తిన్నవాళ్ళు. ఆ తిరుగు ప్రయాణాల గురించి మటుకు ఏమీ చెప్పేవాడు కాదు, చుట్ట వెలిగించుకుని లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

మైలురాళ్ళ నంబర్లు మాత్రం తొంభై దాటినా నోటికుండేవి. 1944 జూన్ 22న ఇటు కోహిమా నుంచి వెళ్ళిన సేన, అటు ఇంఫాల్ నుంచి వచ్చిన సేన 109వ మైలురాయి దగ్గర కలిశాయి. మూడు నెలలుగా మూసుకుపోయిన రోడ్డు అప్పుడు తెరుచుకుంది. ఆ తరవాత కొద్ది రోజులకే తాత లారీ ఆ రాయి దాటింది. బియ్యం లోడు.

1946లో పంపించేశారు. అంత కొద్ది సర్వీసుకి పింఛను లేదు. చేతిలో కాస్త బోనసు, బర్మా స్టార్ పతకం, దానికి నీలం మీద ఎర్ర గీత రిబ్బను. ఇంకోటి కూడా తెచ్చుకున్నాడు: ఇంజను తిప్పే హ్యాండిలు పట్టుకునే పద్ధతి. బొటనవేలు మిగిలిన నాలుగు వేళ్ళ పక్కనే ఉండాలి, హ్యాండిల్ని చుట్టి పట్టకూడదు. ఇంజను వెనక్కి తంతే చుట్టి పట్టినవాడి బొటనవేలూ మణికట్టూ రెండూ పోతాయి. ఇంజను కొన్న ప్రతి రైతుకీ, రైతు కొడుక్కీ, చూడ్డానికొచ్చిన పిల్లలకీ మొదట నేర్పింది అదే.

*

విశాఖపట్నంలో ఒక పంపుసెట్ల డీలరు దగ్గర సేల్స్‌మన్‌గా కుదిరాడు. కాపురం అల్లిపురంలో. తెల్లారి పాసింజరుకి సైకిలు ఎక్కించి అనకాపల్లిలోనో ఎలమంచిలిలోనో నర్సీపట్నం రోడ్డులోనో దిగడం, అక్కణ్ణుంచి పొలాల గట్ల మీద. పల్లెల్లో ఆయన పేరెవరికీ తెలీదు. మిలట్రీ బాబు అంటే చాలు.

రైతు ధర అడిగేవాడు. తాత సంచి విప్పి తాడు తీసేవాడు. "నుయ్యి ఏటంటాదో ముందు ఇందాం. ధరకేటి, ఎక్కడికీ పోదు."

తాడు వదిలి, రాయి నీళ్ళని తాకిన చప్పుడు దగ్గర ఒక ముడి, అడుగు తగిలిన దగ్గర ఇంకో ముడి లెక్కపెట్టేవాడు. పంపు నీళ్ళని పైకి లాగుతుందని అందరం అనుకుంటాం. అది చేసేది లోపలి గాలి తీసెయ్యడమే, నీళ్ళని తోసేది బయటి గాలి బరువు. లెక్క ప్రకారం ఆ బరువు 34 అడుగులు తొయ్యగలదు. గొట్టం రాపిడి, వాల్వు రాపిడి, కారే జాయింట్లు అన్నీ పోగా చేతికి దక్కేది 20, 22 అడుగులు. పద్నాలుగు మూరలంటే 21 అడుగులు. ఎర్రగుడ్డ అందుకే. నీటిమట్టం గుడ్డ దాటి కిందికుంటే గట్టు మీద పెట్టిన పంపు ఎంత పెద్దదైనా ఒక్క చుక్క ఎత్తదు. కార్తీకంలో కొలిచిన నుయ్యి రైతుకీ అమ్మేవాడికీ ముచ్చటగానే ఉంటుంది. తాత వైశాఖంలో మళ్ళీ వెళ్ళి కొలిచేవాడు.

అయితే ఇంజన్నే నూతిలోకి దించేద్దాం అనేవాళ్ళు. అరుగు కట్టి, పంపూ ఇంజనూ రెండూ దాని మీదే. తాత గొంతు పెంచి మాట్లాడింది ఈ ఒక్క విషయంలోనే. నూతిలో ఇంజను నడిస్తే పొగ పైకి రాదు. ఆ పొగలో చంపేది కంటికి కనబడదు, ముక్కుకి తెలీదు. దీపం దించి చూశాం, ఆరలేదు కదా అంటారు. ప్రాణవాయువు లేకపోతే దీపం ఆరుతుంది, ఈ విషం ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. ఒకడు పడిపోతే తియ్యడానికి రెండోవాడు దిగుతాడు, వాణ్ణి తియ్యడానికి మూడోవాడు. అలాంటి నూతికి ఆయన ఇంజను అమ్మేవాడు కాదు. కరెంటు వచ్చేదాకా ఆగమనేవాడు, లేదా ఏరుగట్టున పొలం ఉంటే అక్కడ పెట్టుకోమనేవాడు.

తరవాతి లెక్క ఊటది. ఎకరానికి రెండంగుళాల తడి పెట్టాలంటే 45 వేల గ్యాలన్ల నీళ్ళు. 5 హార్స్‌పవరు ఇంజనుకి సరైన పంపు తగిలిస్తే గంటకి సుమారు 8 వేల గ్యాలన్లు. అంటే ఐదున్నర, ఆరు గంటలు. మరి నుయ్యి ఆరు గంటలు ఇస్తుందా? రెండు ఏతాలు కట్టించి పూటంతా తోడించి, మట్టం ఎంత దిగిందో, మర్నాటికి ఎన్ని ముడులు ఎక్కిందో నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఊరు పేరు, నూతి చుట్టుకొలత, రాయి తగిలిన ముడి, ఊట గంటలు, గొట్టం పొడుగు. పక్కన ఒక్కోచోట చిన్న అక్షరాల్లో: "వేపచెట్టు ఆకు పడుతుంది, జాలీ వెయ్యాలి."

ఒక మార్చిలో ఇదే లెక్క ఆయనకి చేటయింది. యజమానికి లెక్కలు ముగిసేలోగా సరుకు కదలాలి. చోడవరం వైపు రైతొకడు 5 హార్స్‌పవరు కావాలని డబ్బు పట్టుకొచ్చాడు. ఆ నూతిది రెండు గంటల ఊట. తాత వద్దన్నాడు, పూడిక తీయించి అప్పుడు రమ్మన్నాడు. యజమాని ఆ నెల కమిషను కోశాడు. రైతు వేరే దుకాణంలో కొనుక్కున్నాడు. వేసవిలో గంటన్నరకే నుయ్యి అడుగంటి, పంపు గాలి లాగి, గ్లాండు మాడిపోయాక మనిషిని పంపాడు. తాత వెళ్ళాడు. ఇంజనుకి ఉన్న పుల్లీ తీయించి చిన్నది వేయించాడు. పంపు తిరుగుడు తగ్గింది, నీళ్ళు తగ్గాయి, నుయ్యి ఊరే వేగానికి దగ్గరపడింది. తిరుగుడు తగ్గితే పంపు నీళ్ళని ఎత్తే బలం అంతకన్నా ఎక్కువ పడిపోతుంది, ఆ పొలం పల్లంలో ఉంది కాబట్టి సరిపోయింది. దానికి పైసా రాలేదు, యజమానికి చెప్పనూ లేదు. నోటు పుస్తకంలో మాత్రం పుల్లీ కొలత ఉంది.

డబ్బు వసూలుకి ఇంటి మీదికి వెళ్ళేవాడు కాదు. ఇంట్లో ఆడవాళ్ళ ముందు అప్పు మాటెత్తకూడదనేది ఆయన పట్టుదల. బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకి వచ్చే రోజుల్లో అక్కడ టీ కొట్టు దగ్గర బల్ల మీద కూచునేవాడు. తూకం అయిన రైతు తనే వచ్చి వాయిదా కట్టేవాడు. చాలామందికి భూమి తనఖా బ్యాంకు కాగితాలు, అడంగలు నకళ్ళు ఆయనే కూచుని రాసిపెట్టేవాడు.

*

అమ్మిన ఇంజను పాడైతే కబురు పోస్టుకార్డు మీద వచ్చేది. "నీళ్ళు లాగుట లేదు, దయచేసి రావలెను." నూటికి తొంభైసార్లు తప్పు ఇంజనుది కాదు, గాలిది.

గొట్టం అడుగు కొసన ఉండే ఫుట్‌వాల్వు నీళ్ళలో రెండడుగులైనా మునగాలి, అడుగునుంచి ఒక అడుగు పైకుండాలి. పైకుంటే సుడి తిరిగి గాలి లాగుతుంది, అడుక్కుంటే బురద లాగుతుంది. రెక్క కింద పుల్ల ఇరుక్కున్నా, తోలు ఎండి బీటలు వారినా, పంపు నింపడానికి పోసిన నీళ్ళన్నీ నూతిలోకి జారిపోతాయి. రైతులు పేడనీళ్ళు పోసేవారు. ఆ పూటకి సందు మూసుకుంటుంది, తాత కాదనేవాడు కాదు. మర్నాడు మాత్రం తోలు మార్చాల్సిందే. మార్చే తోలు ముందురోజు రాత్రి ఆముదంలో నానాలి. అల్లిపురం ఇంట్లో పెరటి గూట్లో ఎప్పుడూ ఒక మట్టి మూకుడులో నాలుగు తోళ్ళు నానుతుండేవి. మామ్మ పడుకోబోయే ముందు వాటిని తిరగేసేది.

గొట్టం నీళ్ళ నుంచి పంపు దాకా ఎక్కుతూనే ఉండాలి. మధ్యలో ఒంటె మూపులా లేస్తే అక్కడ గాలి కూచుంటుంది, ఎంత నింపినా ఆ బుడగ కదలదు. గ్లాండు నుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారాలి. కారుతోందని నట్టు బిగించేస్తే తాడు ఎండి షాఫ్టుని కోసేస్తుంది. ఈ మాట రైతులకి ఎక్కించడానికి తాతకి చాలా ఏళ్ళు పట్టింది. కారే దాన్ని చూస్తూ ఊరుకోవడం రైతు చేతకాదు.

అన్నీ సరిగ్గా ఉండి, నీళ్ళు మాత్రం దగ్గుతూ వస్తుంటే జాయింటులో ఎక్కడో వెంట్రుకంత సందున్నట్టు. కంటికి దొరకదు. తాత చుట్ట వెలిగించి, పీల్చి, ఇంజను నడుస్తుండగా గొట్టం పక్కన గొంతుక్కూచుని ఒక్కో జాయింటు దగ్గరా మెల్లిగా పొగ వదిలేవాడు. పొగ తిన్నగా పైకి పోతుంటే ఆ జాయింటు మంచిది. రెండోది. మూడోది. ఒకచోట పొగ సన్నటి దారంలా వంగి ఇనుములోకి దూరిపోయేది. అక్కడ వేలు పెట్టి, తల తిప్పకుండా రెండో చెయ్యి చాపేవాడు. ఆ చేతిలో స్పానరు పెట్టాలని ఊరి పిల్లలకి కూడా తెలుసు. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు గట్టు మీంచి చూసి, "మిలట్రీ బాబు చుట్టకి కళ్ళున్నాయే" అనేవారు.

*

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కరెంటు 1955లో మొదలైంది. మెల్లిమెల్లిగా స్తంభాలు పొలాల్లోకి వచ్చాయి. తాత నలభై దాటాక మోటార్లు నేర్చుకున్నాడు. తీగలు రెండు అటూ ఇటూ మారితే మోటారు ఎదురు తిరుగుతుంది, పంపు నీళ్ళు ఇస్తుంది కానీ చాలీచాలకుండా. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా నడిపితే కాలిపోతుంది. అమ్మాడు, బాగానే అమ్మాడు. అయితే మోటారు గురించి ఆయన ముచ్చటగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

1971 డిసెంబరు 3 రాత్రి దాటాక సముద్రం మీద పేలుడుకి పట్నంలో కిటికీలు అదిరాయి. పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిందని తరవాత తెలిసింది. వీధిలో అందరూ లేచి బయటికొస్తే తాత దీపాలార్పించి, గోడ పక్కన కూచోమని చెప్పి, తెల్లారేదాకా అరుగు మీదే ఉన్నాడట. రిటైరయ్యాక ప్రతి డిసెంబరు 4కీ ఆర్కే బీచికి వెళ్ళేవాడు. పతకం పెట్టుకోమంటే "ఇది నేవీ వాళ్ళ రోజు" అనేవాడు.

*

2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను. తాతకి తొంభై రెండు. అప్పటికి కంచరపాలెంలో కొడుకు ఇల్లు. గాలి తగ్గేసరికి వీధిలో నిలబడ్డ చెట్టు లేదు, స్తంభం లేదు. కరెంటు లేదు కాబట్టి మోటార్లు లేవు, మోటార్లు లేవు కాబట్టి నీళ్ళు లేవు. అద్దె జనరేటర్లకి నోటికొచ్చిన రేటు. వీధి చివర పాత నుయ్యి ఒకటి రేకు కప్పేసి ఉంది.

మూడో రోజు తాత తాడు అడిగాడు. రేకు జరిపి మనవడి చేత వదిలించాడు. ఏడో ముడి. ఎర్రగుడ్డ చాలా పైనే ఉంది.

పాత ఇనుము కొట్లో పడున్న ఇంజను ఒకటి తోపుడుబండి మీద వచ్చింది. రెండు ఫ్లైవీళ్ళ రకం, నిమిషానికి 650 చుట్లది, తుప్పు పట్టి. తాత ప్లాస్టిక్ కుర్చీలో కూచుని చెప్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు చేశారు. ముందు డీజిలు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచమన్నాడు. అడుగున రెండు వేళ్ళ మందం నీళ్ళు తేలాయి, తుపాను నీళ్ళు. పైది వంచుకున్నారు. సిలిండరులోకి చెంచాడు ఇంజనాయిలు వేయించాడు, అరిగిన రింగుల సందు మూసుకుని ఒత్తిడి నిలబడ్డానికి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా కార్చడం, తరవాత డీజిలు పంపు దగ్గర స్క్రూ, చివర డీజిలు చిమ్మే నాజిలు గొట్టం నట్టు. ఆ వరస తప్పకూడదు, ముందు చివరిది విప్పితే మధ్యలో గాలి అలాగే ఉండిపోతుంది.

సిలిండరు ఒత్తిడి వదిలే డీకంప్రెషను మీట ఎత్తి హ్యాండిలు తిప్పమన్నాడు. "బొటనేలు! బొటనేలు తియ్యి!" కుర్రాడు వేలు మార్చుకున్నాడు. తాత కళ్ళు మూసుకుని విన్నాడు. నాజిలు సరిగ్గా చిమ్మితే లోపల్నుంచి 'కిర్రు' మనాలి. "అనలేదు. మళ్ళీ కార్చు." మళ్ళీ కార్చారు. ఈసారి రెండో చుట్టుకి సన్నగా కిర్రు, మూడో చుట్టుకి గట్టిగా. "జోరు తెచ్చి మీట దింపేయ్."

తెల్ల పొగ దట్టంగా, రెండు దగ్గులు, ఒక చప్పుడు, ఇంకొకటి. తరవాత ఆగలేదు. టుక్కు, టుక్కు, టుక్కు. వేడెక్కేకొద్దీ తెల్లపొగ పల్చబడింది. తాత ఇంకో అరగంట ఆ గొట్టం మూతినే చూస్తూ కూచున్నాడు. నల్లగా వస్తే బరువెక్కువైనట్టు, నీలంగా వస్తే ఆయిలు కాలుతున్నట్టు. కాస్త నీలం ఉంది. "పరవాలేదు, వారం నడుస్తాది" అన్నాడు. వీధి వీధంతా బిందెలతో, బక్కెట్లతో, పెయింటు డబ్బాలతో వరసకట్టింది. కరెంటు వచ్చేదాకా పొద్దునో గంట, సాయంత్రమో గంట నడిచింది.

*

తాత తొంభై ఏడో ఏట, ఒక వైశాఖ మాసం పొద్దున్న, కాఫీ తాగి కుర్చీలో ఒరిగాడు.

ఈ ఆబ్దికం ఆయన పుట్టిన పల్లెలోనే పెట్టారు. భోజనాలయ్యాక తమ్ముడి కొడుకు, ఆయనకే డెబ్భై దాటాయి, సంచిలోంచి తాడు తీసి ఇంటి వెనక నూతి దగ్గరికి నడిచాడు. ఏతం గుంజ మొదలు ఇంకా అక్కడే ఉంది. పిల్లలంతా గట్టు చుట్టూ మూగి ముడులు పైకి లెక్కపెట్టారు. రాయి నీళ్ళని తాకిన చప్పుడు వినబడగానే ఆయన చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

పదకొండో ముడి. నోటు పుస్తకంలో తాత రాసిన చివరి పేజీ కింద తారీఖు వేసి, ఊరు పేరు రాసి, పదకొండు అని రాశారు. తాడు తడి ఆరాలని కొబ్బరిచెట్టుకి వేలాడదీశారు.